మా బాబాయి, ఆయన కారులో టక్ టక్

మా బాబాయి పళ్ళ డాక్టరు. నోళ్ళు చూసి బతికే మనిషే గానీ, ఆయన ప్రాణమంతా చెవుల్లో ఉంటుంది. కదులుతున్న బండిలో ఏ మూలనుంచైనా చిన్న శబ్దం వచ్చిందా, అదేమిటో తేలేదాకా ఆయన తినడు, తాగడు, మాట్లాడడు, పక్కవాళ్ళని మాట్లాడనివ్వడు. బండి పాడైపోయి నడిరోడ్డు మీద ఆగిపోయినా ఆయనకు చింత లేదు. ఆగిన బండి శబ్దం చెయ్యదు కదా!

"ష్... వినబడిందా?"

ఈ ముక్క ఆయన నోట వినని బంధువు మా వంశంలో లేడు. ఎంతటి కబురైనా ఈ ముక్క దగ్గర ఆగిపోవలసిందే. మా పెద్దమ్మ కూతురికి కవలలు పుట్టారని మా అమ్మ కారులో చెప్పబోయి "దానికి కవ..." అనేసరికి బాబాయి "ష్..." అన్నాడు. మిగతా సగం కబురు ఆయన చెవిన పడేసరికి ఆ పిల్లలు పాకుతున్నారు.

ఆయన కారెక్కామంటే తలా ఒక మూల అప్పగించేవాడు. "నువ్వు వెనక ఎడమ తలుపు. నువ్వు సీటు కింద. అన్నయ్యా, నువ్వు అద్దం పట్టుకో." మా నాన్న ఆయనకంటే పెద్దవాడు, ఆఫీసులో అందరినీ గడగడలాడించే మనిషి. అయినా నోరెత్తకుండా అద్దం పట్టుకుని కూర్చునేవాడు. ఒకసారి మా పిన్ని సంచీలో తాళాల గుత్తి మోగుతోందని బాబాయికి అనుమానం వచ్చింది. సిగ్నల్ దగ్గర కారు ఆగి ఉంది. గుత్తి తీసి కిటికీలోంచి పక్క కారాయన చేతిలో పెట్టి, "కాసేపు పట్టుకోండి, ఒక పరీక్ష చెయ్యాలి" అన్నాడు. ఆయన పాపం మర్యాదస్తుడు, పట్టుకున్నాడు. ఇంతలో సిగ్నల్ మారింది. ఆ రోజు సాయంత్రందాకా బాబాయీ పిన్నీ కూడా సొంత ఇంటి గుమ్మం ముందు మాతోపాటు చుట్టాల్లా కూర్చున్నారు.

"తాళాలు పోతే పోయాయి, శబ్దం మాత్రం గుత్తిది కాదని తేలింది" అని బాబాయి సంతోషించాడు.

సొంత కారయితే సరేననుకోవచ్చు. ఈ విషయంలో ఆయనకు స్వపర భేదం లేదు. ఒక రోజు బస్సులో ఏదో కిటికీ అద్దం కొట్టుకుంటోందని లేచి నిలబడి, "అందరూ మీ మీ అద్దాలు గట్టిగా పట్టుకోండి. నేను చెప్పినప్పుడు ఒక్కొక్కరే వదలండి" అని ప్రకటించాడు. డాక్టర్ల గొంతులో ఏం మహిమ ఉంటుందో, బస్సు బస్సంతా పట్టుకుంది. మొదటాయన వదిలాడు, శబ్దం లేదు. రెండో ఆవిడ వదిలింది, లేదు. ఒక్కొక్కరే వదులుకుంటూ చివరిదాకా వచ్చారు. ఎక్కడా చప్పుడు లేదు. ఇదేమి మాయ అని బాబాయి ముందుకెళ్ళి చూస్తే, బస్సు ఎప్పుడో ఆగి ఉంది. డ్రైవరు రెండు చేతులతోనూ తన పక్కనున్న అద్దాన్ని పట్టుకుని, "నన్నెప్పుడు వదలమంటారు సార్?" అని అడిగాడు.

ఆయనకు ఈ విద్యలో ఒక సిద్ధాంతం ఉంది, అది పళ్ళలోంచి వచ్చింది. "పంటి నొప్పిని నమ్మకూడదమ్మా. కింద పన్ను పుచ్చితే పై పన్ను పీకమంటాడు రోగి. కారూ అంతే. ముందు మోగిందంటే వెనక వెతకాలి, కుడివైపు మోగిందంటే ఎడమవైపు చూడాలి" అనేవాడు. పళ్ళు చూసే బుల్లి అద్దం ఎప్పుడూ జేబులో ఉండేది. దాన్ని సీటు సందుల్లో దూర్చి చూసేవాడు, దాని కాడతో తలుపుల మీద టింగు టింగున కొట్టి, "ఇక్కడ జివ్వుమంటోందా?" అని పొరపాటున కారునే అడిగేవాడు. మా వీధి చివర కారు షెడ్డాయన బాబాయి కారు కనబడితే చాలు, షట్టరు దించేసి లోపల కూర్చునేవాడు.

ఆ షెడ్డాయన్ని తప్పు పట్టలేం. నాయనమ్మ పళ్ళ సెట్టు కథ తెలిస్తే మీరూ పట్టరు. ఒక వానాకాలం బాబాయి కారులో కటకటమని చప్పుడు మొదలైంది. షెడ్డాయన నడిపి చూస్తే రాదు. బాబాయి ఒక్కడే నడిపితే రాదు. ఇంటిల్లిపాదీ ఎక్కితే మాత్రం కటకట. బరువుకి వస్తోందన్నాడు బాబాయి. ఇంజిను రెండుసార్లు విప్పించాడు. చక్రాలు మార్పించాడు. చివరికి షెడ్డాయన విసిగిపోయి తానే మాతో వచ్చి, వెనక సీట్లో నాయనమ్మ పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. కాస్త దూరం వెళ్ళాక ఓరగా పక్కకి చూశాడు.

"పెద్దమ్మగారూ, ఒకసారి నోరు గట్టిగా మూసుకోండి. డాక్టరుగారూ, ఇప్పుడు పోనివ్వండి."

కటకట ఆగిపోయింది. నాయనమ్మ పళ్ళ సెట్టు వదులై, గతుకుల్లో కింద వరస పై వరసకి కొట్టుకుంటోంది. ఆ సెట్టు బాబాయి స్వహస్తాలతో చేసిందే.

"ఇది నా షెడ్డు పని కాదండీ, మీ పనే" అన్నాడు షెడ్డాయన.

"నేను మొదటిరోజే చెప్పబోయానురా నాయనా. నువ్వు ‘ష్’ అన్నావు" అంది నాయనమ్మ.

ఇక నా సంగతి. నేను ఫిజియోథెరపిస్టుని. కాళ్ళూ చేతులూ పట్టేసినవాళ్ళని మళ్ళీ నడిపించడం నా పని. మంచం దిగలేని పెద్దవాళ్ళ ఇళ్ళకే వెళ్ళి వైద్యం చేసే ఉద్యోగం ఒకటి మా ఆసుపత్రివాళ్ళు కొత్తగా పెట్టి, నాకిస్తామన్నారు. కారు వాళ్ళది, లైసెన్సు నాది. ఒకటో తారీఖులోగా లైసెన్సు చూపించకపోతే ఆ పని నా తరవాతి మనిషికి వెళ్ళిపోతుంది. చదువుకునే రోజులనుంచీ నేను కోరుకున్నది సరిగ్గా అలాంటి పనే. ఆసుపత్రిదాకా రాలేక, తీసుకొచ్చే మనిషి లేక, ఇంక నా బతుకింతే అని గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళని ఎందరినో చూశాను. వాళ్ళ గుమ్మంలోకి నేనే నడిచి వెళ్ళాలని నాకు ఎంత ఆశో చెప్పలేను.

కానీ నాకు కారంటే భయం. పుట్టుకతో వచ్చిన భయం కాదు, మా నాన్న పెట్టిన భయం. ఆయన నేర్పే పద్ధతి వేరు. ముందు ఏమీ చెప్పడు. గండం గడిచిపోయాక "బ్రేకూ!" అని కేక పెడతాడు. ఒక రోజు ఆ కేకకి హడలిపోయి నేను బ్రేకు బదులు ఇంకోటి తొక్కాను. కారు తిన్నగా వెళ్ళి వీధి మొదట్లో పూలకొట్టులోకి దూరింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. కొట్టాయన మాత్రం నెత్తిమీద బకెట్టుతో, ఒళ్ళంతా పూలతో పెళ్ళికొడుకులా లేచి నిలబడ్డాడు. వీధంతా పడీపడీ నవ్వింది. నేను నవ్వలేదు. ఆనాటినుంచి స్టీరింగు ముట్టుకుంటే చాలు, నా చేతులు గజగజ వణికేవి. ఊళ్ళోవాళ్ళ చేతుల వణుకు తగ్గించేదాన్ని, నా వణుకు తగ్గించుకోలేకపోయాను.

"ఈ ఉద్యోగం నాకొద్దు. రేపే చెప్పేస్తాను" అని ఒక సాయంత్రం ఇంట్లో ఏడ్చేశాను. మర్నాడు పొద్దున్నే బాబాయి మా గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. పలకరింపులు లేవు, కాఫీ అడగలేదు.

"అమ్మాయ్, చెప్పులేసుకో. కారులో శబ్దం వస్తోంది. టక్, టక్. అర్జెంటు."

"నాకు పని ఉంది బాబాయ్."

"నాకూ ఉంది. నువ్వు నడపాలి."

"నేనా! నాకు డ్రైవింగు రాదు కదా."

"నిన్ను డ్రైవింగు ఎవరు చెయ్యమన్నారు? స్టీరింగు పట్టుకుని కూర్చో, చాలు. నేను వినాలి. నడిపేవాడు వినలేడు, వినేవాడు నడపలేడు. మీ పిన్నిని నడపమంటే నడుపుతూ నాతో మాట్లాడుతుంది. మీ నాన్న నడిపితే ఆయన అరుపులకి ఇంజినే వినబడదు. నువ్వొక్కదానివే భయంతో నోరు మూసుకుంటావు."

"నా చేతులు వణుకుతాయి బాబాయ్."

"వణకనీ. చేతులు శబ్దం చెయ్యవు."

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆటస్థలం వెనకనున్న ఖాళీ రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బండి కదిలించాను. నిజంగానే టక్ మంది. కాసేపు ఊరుకుని మళ్ళీ టక్. బాబాయి మొహం పంటి నొప్పి వచ్చినట్టు ముడుచుకుపోయింది.

"వినబడిందా?"

"వినబడింది."

"ఎక్కడ?"

"నాకేం తెలుసు బాబాయ్? వెనకేమో."

"వెనక అంటే ముందు అన్నమాట. ఎడమకి తిరిగితే మోగుతుందా, చూడు."

ఎడమకి తిప్పాను. మోగలేదు. "కుడికి?" కుడికి తిప్పాను. మోగలేదు. "తిప్పడంలో కుదుపు ఎక్కువైంది, అందుకే తెలియట్లేదు. మెల్లిగా, నూనె పోసినట్టు తిప్పు. నీ కుదుపులో నా టక్ కలిసిపోతోంది" అన్నాడు. అలా ఆ రోజంతా మెల్లిగా తిప్పడంతోనే సరిపోయింది. ఆ టక్ మీద నాకు మండిపోతోంది. నా భయానికి ఈ మంట తోడైంది, పులి మీద పుట్రలాగ.

రెండో రోజు కూడలికి తీసుకెళ్ళాడు. మధ్యలో గుండ్రటి దిమ్మె, దాని చుట్టూ వాహనాలు. "గుండ్రంగా తిరుగుతుంటే వస్తుందేమో చూద్దాం" అన్నాడు. తిరిగాను. ఇంకోసారి అన్నాడు. తిరిగాను. అలా తిరుగుతూనే ఉన్నాను. పక్కనే పండ్లు అమ్మే ఆవిడ మొదట వింతగా చూసింది, తరవాత చెయ్యి ఊపింది, ఆఖరికి ఒక చుట్టులో కిటికీ దగ్గరికొచ్చి, "దారి తెలియకపోతే చెబుతానమ్మా, ఎక్కడికెళ్ళాలి?" అంది జాలిగా.

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదండీ" అన్నాను.

ఆ మర్నాడు, వెనక్కి నడిపితే మోగుతుందేమోనని సందు మొదలునుంచి చివరిదాకా వెనక్కే నడిపించాడు. మేడమీద బట్టలు ఆరేస్తున్న ముసలావిడ కిందికి వంగి, "ఏమ్మా, మీ కారు ముందుకి పోదా?" అని అడిగింది. ఇంకో రోజు వంతెన ఎక్కుతూ మధ్యలో ఆపించాడు. వెనక బండ్లన్నీ హారన్లు మొదలెట్టాయి. "ఏటవాలులో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎత్తాలి. అప్పుడు గానీ దాని రంగు బయటపడదు" అన్నాడు బాబాయి, నిమ్మకు నీరెత్తినట్టు. మొదటిసారి బండి వెనక్కి జారింది. నాకు గుండె జారింది. "జారుతున్నప్పుడు మోగలేదు, అదొక లాభం" అన్నాడు తప్ప, పల్లెత్తు మాట అనలేదు. మళ్ళీ ఎత్తించాడు. వంతెన ఎక్కడం, ఆపడం, ఎత్తడం, దిగడం. ఆ వారమంతా మాకదే పని.

ఇంత చేసినా టక్ దారి టక్‌ది. బాబాయి రోజుకో నిర్ధారణ చేసేవాడు. "ఇది ముందు చక్రం బేరింగు. ఎడమ దవడ, పై వరస" అని ఒక రోజు, "కాదు, సైలెన్సరు. జ్ఞానదంతం, చాలా లోపల ఉంది" అని ఇంకో రోజు. బుల్లి అద్దం సరిపోక, స్నేహితుడైన గుండె డాక్టరు దగ్గర స్టెతస్కోపు ఎరువు తెచ్చాడు. అది చెవులకి పెట్టుకుని వెనక సీటు కిందికి తల దూర్చి పడుకునేవాడు. మనిషి పొడగరి. కాళ్ళకి చోటు చాలక కిటికీలోంచి బయట పెట్టేవాడు.

ఆ కాళ్ళు చూసి ట్రాఫిక్ పోలీసు ఆపాడు.

"ఆ కాళ్ళెవరివమ్మా?"

"మా బాబాయివండీ."

"మిగతా ఆయన ఎక్కడ?"

"సీటు కింద ఉన్నాడండీ. వింటున్నాడు."

ఆయన వంగి చూశాడు. కిందనుంచి, "ష్... ఇంజిను ఆపకు!" అని గొంతు వినబడింది.

"నేర్చుకునేవాళ్ళ పక్కన లైసెన్సున్నవాళ్ళు కూర్చోవాలి. సీటు కింద కాదు" అన్నాడు పోలీసు కోపంగా.

"మంచి మాట చెప్పారు. మీకు లైసెన్సుంది కదా? ఎక్కండి. నాకు ముందు సీట్లో రెండు చెవులు తక్కువయ్యాయి" అన్నాడు బాబాయి.

ఎందుకెక్కాడో ఆ పోలీసుకే తెలియాలి. మూడు వీధులు తిరిగాం. "ముందువైపే సార్, సందేహం లేదు" అని ఆయన, "అయితే వెనకే" అని బాబాయి ఒకటే వాదన. నేను ఒక పక్కన పోలీసుని కూర్చోబెట్టుకుని బండి నడుపుతున్నానన్న సంగతి నాకు స్టేషన్ ముందు ఆయన దిగాక గానీ తట్టలేదు. దిగబోతుంటే బాబాయి, "ఒకసారి నోరు తెరవండి. అనుకున్నాను. ఆ మాట తీరులోనే తెలిసింది. వారంలోగా క్లినిక్‌కి రండి" అన్నాడు.

లైసెన్సు పరీక్ష మర్నాడనగా, ఆ సాయంత్రం బాబాయి నన్ను పెద్ద బజారు రోడ్డు ఎక్కించాడు. స్కూళ్ళు వదిలే వేళ, ఆఫీసులు వదిలే వేళ. ఈ పక్కన బస్సు, ఆ పక్కన లారీ, మధ్యలో దూరిపోయే సైకిళ్ళు. అంత రద్దీలోనూ టక్. కాస్త ఆగి టక్. నాకు తలప్రాణం తోకకొచ్చింది.

"వెనక చక్రంలో ఏదో..." అని బాబాయి మొదలెట్టాడు.

"చక్రం కాదు బాబాయ్!" అన్నాను గట్టిగా. "ష్! ఆగు, నువ్వు మాట్లాడకు."

ఆయనకి ‘ష్’ చెప్పిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. ఆయన నోటి మీద వేలేసుకున్నాడు.

"వేగం పెంచితే టక్ టక్ వేగం పెరగట్లేదు. అంటే తిరిగేదేదీ కాదు. బ్రేకు వేస్తే ఒకసారి కొడుతోంది, మళ్ళీ ఎత్తినప్పుడు ఒకసారి కొడుతోంది. అంటే ఏదో వదులుగా పడి ముందుకీ వెనక్కీ ఊగుతోంది. గతుకులో కూడా కొడుతోంది కాబట్టి ఎగురుతోంది కూడా. బరువైనదే. చప్పుడు అడుగునుంచి వస్తోంది. బాబాయ్, డిక్కీలో అడుగున స్పేర్ టైరు ఉంటుంది కదా, దాన్ని దేనితో బిగిస్తారు?"

"ఒక నట్టు ఉంటుంది. రెండు చెవుల నట్టు. చేత్తో తిప్పేది."

"వెనక సీటు వంచి డిక్కీలోకి వెళ్ళు. టైరు మీద చెయ్యేసి అదిమి పట్టుకో."

బాబాయి సీటు వంచుకుని పాక్కుంటూ వెళ్ళాడు. మధ్యలో ఆయన చెప్పు ఒకటి గేరు దగ్గర పడింది. నేను దాన్ని తీసి పక్కన పడేసి, ముందు బస్సు ఆగితే ఆగి, కదిలితే కదిలాను. టక్ రాలేదు.

"ఇప్పుడు చెయ్యి తియ్యి."

టక్.

"మళ్ళీ పట్టుకో."

నిశ్శబ్దం.

"దొరికింది బాబాయ్! బిగించెయ్! గట్టిగా బిగించు!"

వెనక కుర్రు కుర్రున నట్టు తిరిగింది. నేను కావాలని బ్రేకు వేశాను. చప్పుడు లేదు. బండి ఎత్తాను. లేదు. వెతుక్కుని మరీ ఒక గతుకులో దించాను. లేదు! "లేదు బాబాయ్, పోయింది!" అని స్టీరింగు మీద ఒక చేత్తో దరువు వేశాను. అప్పుడు చూసుకున్నాను ఆ చేతిని. వణకట్లేదు. రెండో చెయ్యీ వణకట్లేదు. ఊళ్ళోకల్లా పెద్ద రద్దీని దాటుకుని అవతలికి వచ్చేశాం, నేనే నడిపాను, ఒక్కరికీ చీమంత దెబ్బ తగల్లేదు. నాకు ఎంత సంతోషం వేసిందంటే అక్కడికక్కడే గట్టిగా అరిచాను. డిక్కీలోంచి బాబాయి తల పైకి లేచింది. జుట్టంతా దుమ్ము. "హమ్మయ్య" అని ఎంత పొడుగు ఊపిరి వదిలాడంటే, వెనక అద్దానికి ఆవిరి పట్టింది.

మర్నాడు పరీక్షలో నా పక్కన ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. ఎడమకి తిప్పమంటే తిప్పాను, వెనక్కి నడపమంటే నడిపాను, ఏటవాలులో ఆపి ఎత్తమంటే జారకుండా ఎత్తాను. అంతా అయ్యాక ఆయన ఏదో అడగబోతుంటే నా నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ష్... వినబడిందా సార్? మీ బూటు కిర్రుమంటోంది."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, పాసయ్యావు వెళ్ళమ్మా అన్నాడు.

నేను పరీక్షకి తెచ్చింది బాబాయి కారే. ఒక్కదాన్నే నడుపుకుంటూ తిన్నగా ఆయన క్లినిక్‌కి వెళ్ళాను. గుమ్మం దగ్గర బల్ల ముందు మా పిన్ని కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ పేర్లు పిలవడం, ఏడ్చేవాళ్ళని ఓదార్చడం ఆవిడ పని.

"పాసయ్యాను పిన్నీ!"

"నీ మొహమే చెబుతోంది. కూర్చో. లోపల పన్ను పీకించుకోనని ఒకాయన పేచీ పెడుతున్నాడు."

తలుపు ఓరగా తీసి ఉంది. ఇళ్ళ సామాను మోసే మనిషి, బీరువాని ఒక్కడే వీపున వేసుకోగలిగేంత వాడు, కుర్చీ చేతులు రెండూ ఊడిపోయేలా పట్టుకుని కూర్చున్నాడు.

"వద్దు డాక్టరుగారూ. ఇంకోరోజు వస్తాను."

"సరే, వెళ్దురుగాని. ష్... ఒక్క నిమిషం. వినబడిందా?"

"ఏంటండీ?"

"ఫ్యాను. కిర్రుమంటోంది. మూడు రెక్కల్లో ఏదో తెలియక చస్తున్నాను. మీ చెవులు కుర్రవి, కాస్త వినిపెట్టండి. నోరు తెరిస్తే ఇంకా బాగా వినబడుతుంది."

ఆయన నోరు తెరిచి, కళ్ళు ఫ్యానుకి అప్పగించి, కొండంత శ్రద్ధతో వినడం మొదలెట్టాడు. ఈ రెక్కా ఆ రెక్కా అని వేలితో చూపిస్తున్నాడు. సూది ఎప్పుడు పడిందో ఆయనకు తెలియదు. కాసేపటికి పన్ను వచ్చి పళ్ళెంలో పడిందనీ తెలియదు.

నాకు నవ్వాగలేదు. "పిన్నీ, ఆ ఫ్యానుని బాగుచేయించకూడదా? బాబాయి ఎలా భరిస్తున్నాడు?"

"బాగుచేయిస్తే వీళ్ళ పళ్ళెలా ఊడతాయే? భయపడేవాళ్ళకి వినే పని అప్పగిస్తే ఒళ్ళు మరిచిపోతారట. సరిగ్గా చూడు, తన చెవుల్లో దూది కుక్కుకున్నాడు. రోగి ఏమంటున్నాడో మొహం చూసే పోల్చేస్తాడు."

చూశాను. రెండు చెవుల్లోనూ తెల్లగా దూది. నా నవ్వు సగంలో ఆగిపోయింది.

"పిన్నీ... మరి కారులో ఆ నట్టు..."

పిన్ని తలుపువైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదనే అనుకో. పంచరు అతికినవాడు నట్టు బిగించకుండా వదిలేశాడు. మీ బాబాయి అరగంటలో కనిపెట్టేశాడు, కనిపెట్టక ఉంటాడా! బిగించి, చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అప్పుడే మీ నాన్న ఫోన్ చేశాడు, నువ్వు ఉద్యోగం వద్దని ఏడుస్తున్నావని. ఫోను పెట్టేశాడు. తరవాత లేచి వెళ్ళి, బిగించినదాన్ని తన చేత్తో మళ్ళీ వదులు చేసొచ్చాడు."

నేను గుమ్మం బయట ఆపిన కారువైపు చూశాను.

"మూడు వారాలే తల్లీ! ఆ మూడు వారాలూ ఆయన కంటిమీద కునుకు లేదు. నిద్రలో నా బొటనవేలు పట్టుకుని బిగించేవాడు. ఇదిగో, ఇంకా వాపు తగ్గలేదు. కారులో కూడా చెవుల్లో దూది పెట్టుకోవచ్చు కదా అన్నాను. ‘పెట్టుకుంటే పిల్ల గేరు ఎలా వేస్తోందో నాకెలా వినబడుతుంది?’ అన్నాడు."

టక్ మన్నప్పుడల్లా ముడుచుకుపోయిన ఆ మొహం నాకు కళ్ళముందు కదిలింది. ఒక్క శబ్దాన్ని ఒక్క వీధి దూరం ఓర్చుకోలేని మనిషి, నాకోసం దాన్ని ఇన్నాళ్ళు మోశాడు. పైగా రోజుకో తప్పు పేరు చెప్పి, తనకు ఎప్పుడో దొరికినదాన్ని నాకు దొరకనిచ్చాడు.

బాబాయి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"పాసయ్యాను బాబాయ్" అన్నాను.

"ఆఁ?"

"పాసయ్యాను!"

"ఎవరికి? ఎక్కడ నొప్పి?"

"పాస్! అయ్యాను!" అని క్లినిక్ అదిరేలా అరిచాను. లోపల కుర్చీలోని పెద్దమనిషి వాచిన బుగ్గతోనే చప్పట్లు కొట్టాడు. బాబాయి అప్పుడు గానీ దూది తియ్యలేదు. మొహం చాటంత అయింది.

"చెప్పానా మరి! చేతులు శబ్దం చెయ్యవని మొదటిరోజే చెప్పానా!"

నట్టు సంగతి నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. క్లినిక్ మూశాక ఇద్దరినీ కారెక్కించుకున్నాను. పిన్ని వెనక కూర్చుంది. బాబాయి నా పక్కన కూర్చుని, తల ఒక పక్కకి వాల్చి, రెండు చెవులూ రిక్కించాడు. బండి పెద్ద రోడ్డెక్కింది. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. రెండు మలుపులు తిరిగేసరికి ఆయన తల సీటు మీదికి వాలిపోయింది, నోరు తెరుచుకుంది, గురక మొదలైంది. కదిలే బండిలో మా బాబాయి నిద్రపోగా చూసినవాళ్ళు మా వంశంలో లేరు. అలాంటిలాంటి గురకా కాదు, అద్దాలు అదిరిపోతున్నాయి.

"అబ్బబ్బ, ఈ గోల వినలేం. తట్టి లేపనా?" అంది పిన్ని ముందుకి వంగి.

"వద్దు పిన్నీ, పడుకోనీ" అన్నాను.

వాళ్ళింటి సందు వచ్చింది. నేను లోపలికి తిప్పలేదు. నూనె పోసినట్టు మెల్లిగా, కుదుపు లేకుండా ముందుకి పోనిచ్చి, ఆయన నిద్ర తీరేదాకా ఊరు చుట్టూ తిప్పుతూనే ఉన్నాను.